ఆ కత్తిని తోమకండి

బాయొనెట్ అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తి. నేను కొన్న మొదటి బాయొనెట్ ఒర మీద ఒక మనిషి ఆనవాలు ఉండేది. ఇప్పుడు లేదు. దాన్ని నా చేతులతో నేనే కడిగేశాను.

పన్నెండేళ్ల కిందటి మాట. మసాచుసెట్స్‌లో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు ఉంది. ఏడాదికి మూడుసార్లు, మే, జూలై, సెప్టెంబరు నెలల్లో, అక్కడి పొలాల్లో డేరాలు వేసి పాత సామాన్ల సంత పెడతారు. ఆ సెప్టెంబరులో ఒక డేరా కింద, లాంతర్లకూ పింగాణీ పళ్లేలకూ మధ్య, ముదురు గోధుమ రంగుకు తిరిగిన పొడవాటి బాయొనెట్ కనిపించింది. బ్లేడు 16 అంగుళాలు. పిడికి రెండు వైపులా వాల్‌నట్ చెక్క. బ్లేడు మొదట్లో ఒక వైపు ‘ఎస్ఏ’ అన్న అక్షరాలు, మండుతున్న బాంబు గుర్తు, 1909 అన్న సంవత్సరం. రెండో వైపు ‘యూఎస్’, ఒక వరస సంఖ్య. ఎస్ఏ అంటే స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ. మేముండే చోటి నుంచి కారులో అరగంట దూరం. బేరమాడి కొన్నాను.

అప్పటికి దసరా పది రోజులుంది. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసేవారు. ఆయుధపూజకు ముందురోజు స్పానర్లు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు అన్నీ కిరోసిన్‌లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి వరసగా పేర్చేవారు. అమ్మ ఇంట్లో ఇత్తడి సామాన్లు చింతపండు పెట్టి తోమేది. పూజలో కూర్చునే లోహం మెరవాలి, అది మనకు అన్నం పెట్టే వస్తువుకు చేసే మర్యాద. అదే మర్యాద ఈ బాయొనెట్‌కూ చేద్దామనుకున్నాను. బ్లేడును చింతపండు గుజ్జుతో రుద్ది, తర్వాత గరుకు కాగితం పట్టించాను. ఒరను సబ్బు నీళ్లలో నానబెట్టాను.

ఆ ఒర 1910 నమూనాది. పైభాగానికి ఖాకీ కాన్వాసు తొడుగు, కింది భాగానికి తోలు. కాన్వాసు మీద నల్ల సిరాతో ఒక అక్షరం, దాని కింద రెండంకెల సంఖ్య ఉండేవి. అక్షరం ‘కె’. సంఖ్యలో మొదటి అంకె 4. రెండో అంకె ఏమిటో నేను చూడనే లేదు, అదంతా మరక అనుకున్నాను. అరగంట తర్వాత తొట్టెలో నీళ్లు నల్లబడ్డాయి. కాన్వాసు ఉతికిన బట్టలా శుభ్రంగా ఉంది.

కొన్ని నెలల తర్వాత, ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాక తెలిసింది. అమెరికా సైన్యం 1918లో సైనికులకు వ్యక్తిగత నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు సామాన్ల మీద కంపెనీ (దళంలో ఒక విభాగం) అక్షరం, ఆ కంపెనీలో ఆ మనిషి సంఖ్య వేసుకునేవారు. అంటే నేను కడిగింది మరకను కాదు. ఏదో ఒక దళంలో కె కంపెనీకి చెందిన నలభై ఎన్నో మనిషిని.

ఆ మనిషిని వెతికి పట్టుకోగలిగేవాడినా అంటే, బహుశా కాదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు లేచాయి. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 వరకు సైన్యం నుంచి విడుదలైన వారి కాగితాల్లో దాదాపు 80 శాతం పోయాయి. నకళ్లు లేవు. ఎంతోమంది మామూలు సైనికులకు ప్రభుత్వం దగ్గర ఒక్క పూర్తి ఫైలు కూడా లేదు. అలాంటి మనిషి సొంత చేత్తోనో, అతని పక్క మంచం వాడి చేత్తోనో వేసిన సిరా గుర్తు నా తొట్టెలో కరిగింది. పన్నెండేళ్లయినా నాకు ఆ నల్లనీళ్లు గుర్తొస్తూనే ఉన్నాయి.

అందుకే ఇది రాస్తున్నాను. పాత సైనిక కత్తులూ బాయొనెట్లూ సేకరించే వాళ్లకు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడి ఇప్పుడిప్పుడే ఇలాంటి సంతల్లో తిరగడం మొదలుపెట్టిన మన వాళ్లకు, నేను చెప్పదలచుకున్నది ఒకటే. దాన్ని తోమకండి. మెరుగు పెట్టించకండి. సాన పట్టించకండి. దాని మీద పేరుకున్నది మురికి అని మీకు అనిపిస్తున్నంత కాలం దాని జోలికే పోకండి.

నేనుండే ప్రాంతం ఈ వస్తువులకు పుట్టిల్లు లాంటిది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 1794లో ఏర్పడి, 1968లో మూతపడేదాకా అమెరికా సైన్యానికి తుపాకులు, బాయొనెట్లు చేసింది. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. దాన్ని ఆనుకునే చికొపీ అనే ఊరు. ఏమ్స్ కంపెనీ ఖడ్గాలు చేసింది అక్కడే. 1832 నమూనా ఫిరంగి దళం కత్తి, 1840 నమూనా బరువు శేబర్ (శేబర్ అంటే అశ్వికదళం వాడే వంపు కత్తి), 1860 నమూనా తేలిక శేబర్, ఇలా పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా సైన్యం నడుముకు కట్టుకున్న కత్తుల్లో ఎన్నో చికొపీ కొలుముల్లోంచి వచ్చాయి. ఆ కంపెనీ కంచు విగ్రహాలు కూడా పోత పోసేది. కాంకర్డ్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న రైతు సైనికుడి విగ్రహాన్ని, 1875లో, పాత ఫిరంగుల లోహం కరిగించి పోసింది వాళ్లే. ఆ విగ్రహం ఒక చేతిలో తుపాకీ, పక్కన నాగలి.

నాగలి అనే మాట ఊరికే తేలేదు. ఈ కత్తుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం వాటి మీది తయారీదారుల ముద్రలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, నా దానిలాంటి 1905 నమూనా బాయొనెట్‌ను మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడు ఆ పని ఎవరికి ఇచ్చారో చూడండి. ‘ఏఎఫ్‌హెచ్’ అని ముద్ర ఉంటే అమెరికన్ ఫోర్క్ అండ్ హో, ‘యూఎఫ్‌హెచ్’ అని ఉంటే యూనియన్ ఫోర్క్ అండ్ హో. రెండూ ఒహాయో రాష్ట్రంలో గడ్డి ఎత్తే ఫోర్కులు, పారలు చేసే కంపెనీలు. ‘పాల్’ అన్నది గడ్డం గీసుకునే బ్లేడ్ల కంపెనీ. ‘యూసీ’ అంటే జేబుకత్తులు చేసే యుటికా కట్లరీ. ‘ఓఎల్’ అంటే వనైడా, భోజనాల బల్ల మీది చెంచాలు, ఫోర్కులు చేసేవాళ్లు. ఆ వనైడా కంపెనీ అసలు మొదలైంది 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆస్తి అందరిదీ ఒకటే అని కలిసి బతికిన ఒక మత సమాజంగా! అంతకు ముందు తరంలో, తర్వాత జనరల్‌గా పేరు తెచ్చుకున్న జార్జ్ పాటన్ రూపొందించిన 1913 నమూనా అశ్వికదళ ఖడ్గాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌తో పాటు చేసింది కనెక్టికట్‌లోని ల్యాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్. వాళ్లు ఇళ్లలోకి కాఫీ కాచే గిన్నెలు, వంటింటి సామాన్లు చేసేవాళ్లు.

యుద్ధం వచ్చినప్పుడు ఒక దేశం తన చెంచాల కొలిమిని ఎటు తిప్పిందో అర అంగుళం కూడా లేని ఆ రెండు మూడు అక్షరాలు చెబుతాయి. ఆ అక్షరాల మీద గరుకు కాగితం రుద్దితే ఏమవుతుందో నాకు తెలుసు. ఉక్కు మీద ముద్ర కొట్టినప్పుడు అక్షరం లోపలికి దిగుతుంది, దాని చుట్టూ లోహం వెంట్రుకవాసి పైకి లేస్తుంది. భూతద్దంలో చూస్తే చిన్న గట్టులా కనబడుతుంది. మొదటి రుద్దుకే పోయేది ఆ గట్టు. రెండో రుద్దుకు అక్షరం అంచులు గుండ్రబడతాయి. ఆ తర్వాత సంఖ్యలో 3 ఏదో 8 ఏదో తెలియదు. నా 1909 బాయొనెట్ మీద వరస సంఖ్యలో చివరి రెండు అంకెలు ఇప్పుడు వెలుతురును వాలుగా పడేట్టు పట్టుకుంటేనే కనబడతాయి.

తుప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తుప్పంతా ఒకటే అనుకోవడంలోనే అసలు నష్టం జరుగుతోంది. వేలితో తాకితే పొడిలా అంటుకునే ఎర్ర తుప్పు బతికి ఉన్న తుప్పు. అది గాలిలో తేమను పీల్చుకుంటూ లోపలి ఇనుమును తింటూనే ఉంటుంది. దాన్ని ఆపాలి, అందులో రెండో మాట లేదు. కానీ దశాబ్దాల తరబడి చేతి జిడ్డు, నూనె, గాలి కలిసి పట్టించిన ముదురు గోధుమ రంగు పొర, నలుపుకు దగ్గరైన పొర వేరు. సేకరణ చేసేవాళ్లు దాన్ని పాటినా అంటారు. అది ఇనుమును గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేలికి అంటదు, కింది లోహానికి కొంత కాపుగా కూడా ఉంటుంది. దాన్ని ఒలిచేస్తే పచ్చి ఉక్కు బయటపడుతుంది. నేను తోమిన బాయొనెట్‌కు మొదటి ఏడాదిలోనే కొత్త తుప్పు పట్టింది, పక్కనే ఉన్న తోమని శేబర్‌కు పట్టలేదు. అంటే మెరుగు పెట్టడం వల్ల అందం కూడా నిలవదు.

ఇక్కడ నాతో వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1861–65లో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలపు తుపాకులూ వాటి ముక్కోణపు బాయొనెట్లూ తెల్లగా మెరిసేట్టు చేసినవే. సైనికుడు వాటిని బూడిదతోనో, ఇటుక పొడితోనో రుద్ది మెరిపించకపోతే తనిఖీలో పై అధికారి ఊరుకునేవాడు కాదు. ఆ కత్తి తన జీవితంలో అసలైన రోజులన్నీ మెరుస్తూనే గడిపింది. గోధుమ రంగు వచ్చింది తర్వాత, అటకల మీద, ఎవరూ పట్టించుకోనప్పుడు. మరి ఆ నిర్లక్ష్యాన్ని చరిత్ర అని పేరు పెట్టి కాపాడతారెందుకు, సైనికుడు పట్టుకున్న రూపానికి తేవడమే న్యాయం కదా అంటారు వాళ్లు.

చాలా రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. సైనికుడు రుద్దిన రుద్దుడు ఆ వస్తువు జీవితంలో భాగం. దాని గుర్తులు కూడా లోహంలో ఉన్నాయి. 1860 శేబర్‌కు చేతికి కాపుగా పిడి దగ్గర ఉండే ఇత్తడి గార్డు లోపలి వైపు, చూపుడు వేలు ఆనే చోట, ఇత్తడి కొంచెం అరిగి నునుపుగా ఉంటుంది. బయటి వైపు గుడ్డతో రుద్దిన అరుగుదల వేరు, లోపల చేయి పట్టి అరిగిన అరుగుదల వేరు. యంత్రం మీది మెరుగు చక్రం ఈ రెంటినీ కలిపి ఒకే నునుపు చేస్తుంది. నేను ఇవాళ రుద్ది తెచ్చే మెరుపు 1863 నాటి మెరుపు కాదు. అది నా మెరుపు. సైనికుడిని బయటికి తీస్తున్నానని అనుకుంటూ అతని మీద నన్ను అద్దుతున్నాను. పైగా పాటినాను ఇవాళ ఉంచితే, రేపు ఎవరైనా ఇంతకంటే మంచి పద్ధతి కనుక్కుంటే అప్పుడు తీయొచ్చు. ఇవాళ తీసేస్తే రేపు పెట్టలేరు.

మరి సైన్యమే కోసి, గీకి, రంగు మార్చిన కత్తుల మాటేమిటి? నాకు అవి ప్రాణం. ఆ కథ మొదటి నుంచీ చెప్పాలి.

1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీకి మొదట పెట్టింది సన్నటి కడ్డీ బాయొనెట్. 1905 జనవరిలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ యుద్ధశాఖ మంత్రికి ఉత్తరం రాస్తూ, తాను చూసిన వాటిలో ఇంత నాసిరకమైన ఆవిష్కరణ మరొకటి లేదన్న అర్థంలో దాన్ని తిట్టిపోశాడు. దాని స్థానంలో వచ్చిందే 16 అంగుళాల 1905 నమూనా. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ, రాక్ ఐలాండ్ ఆర్సెనల్‌లోనూ చేశారు. అవి మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్స్ వెళ్లాయి. తర్వాత గిడ్డంగుల్లో పడుకున్నాయి. రెండో యుద్ధానికి మళ్లీ లేచాయి, కొత్త గరాండ్ తుపాకీకి కూడా అవే సరిపోయాయి. ఈసారి ట్రక్కుల్లోంచి దూకే సైనికుడికి 16 అంగుళాల ఉక్కు అడ్డం పడుతోందని 1943లో పది అంగుళాల బాయొనెట్‌ను ప్రవేశపెట్టారు. కొత్తవి పది అంగుళాలకు చేయడంతో పాటు, ఉన్నవాటిని వెనక్కి తెప్పించి కోశారు.

నా దగ్గర అలా కోసింది ఒకటి ఉంది. దాన్ని కొత్తగా చేసిన పది అంగుళాల దాని పక్కన పెడితే తేడా చిన్నపిల్లలు కూడా చెబుతారు. బ్లేడు మధ్యలో పొడవునా ఒక గాడి ఉంటుంది. పుట్టుకతోనే పది అంగుళాలదైతే ఆ గాడి మొనకు ముందే నెమ్మదిగా పైకి తేలి ఆగిపోతుంది. కోసిన దాంట్లో గాడికి ఆగడం తెలియదు. అది మొన దాకా వెళ్లి గాలిలోకి జారిపోతుంది, రోడ్డు వేస్తూ వేస్తూ వరదకు కొట్టుకుపోయిన చోట ఆగినట్టు. మొన దగ్గర రెండు వైపులా గ్రైండర్ పట్టిన అడ్డగీతలు ఇంకా ఉన్నాయి. బ్లేడు మొదట్లో ముద్ర 1918. అంతా పార్కరైజింగ్ చేసిన, అంటే తుప్పు పట్టకుండా వేసిన, బూడిద రంగు ఫాస్ఫేటు పొర. ఆ పొర గ్రైండర్ గీతల మీద కూడా ఉంది, అంటే కోసిన తర్వాతే ఆ రంగు వేశారు. ఒక తండ్రి తరం యుద్ధానికి చేసిన దాన్ని కొడుకుల తరం యుద్ధానికి సరిపెట్టి, మళ్లీ రంగేసి పంపారు. ఇదంతా ఏ పుస్తకమూ తెరవకుండా, కిటికీ దగ్గర నిలబడి ఆ ఉక్కును తిప్పి తిప్పి చూసి చదివాను. ఎవరైనా దాన్ని ‘శుభ్రం’ చేసి ఉంటే ఆ వరస నాకు దొరికేది కాదు.

చాలామంది సేకర్తలు కోసిన వాటిని చిన్నచూపు చూస్తారు. కోయని 16 అంగుళాల దానికే ధర ఎక్కువ. నా మటుకు నేను కోసినదే గొప్పది అంటాను. సైన్యం తన అవసరానికి చేసిన కోత దాని జాతకంలో ఉన్నదే. నా అలమారా అందం కోసం నేను చేసే కోతకు ఆ హక్కు లేదు.

అసలు ఈ కత్తులు ఏం పని చేశాయి అన్నది కూడా వాటి గాట్లు చూస్తేనే తెలుస్తుంది. యుద్ధ చిత్రాల్లో బాయొనెట్లు మెరుస్తూ ఉంటాయి, గుర్రాల మీద శేబర్లు గాలిలో లేచి ఉంటాయి. అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరులో 1863 జూలై 2న లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీది నుంచి ఉత్తరాది అధికారి జాషువా చాంబర్లేన్ మనుషులు గుళ్లు అయిపోవస్తుంటే బాయొనెట్లతో కిందికి దూకిన మాట నిజం. కానీ ఉత్తరాది సైన్యపు వైద్యశాఖ నమోదు చేసిన 2,46,712 ఆయుధ గాయాల్లో బాయొనెట్‌వీ, కత్తివీ కలిపి 922 మాత్రమే. మిగిలినవన్నీ తూటాల, గుండ్ల గాయాలు. పొడిస్తే మనిషి చనిపోయి ఆసుపత్రికి చేరడు కాబట్టి లెక్కకు రాలేదనుకుందాం. అలా కొంత కలుపుకున్నా అంకె చిన్నదే.

మరి రోజంతా నడుముకు వేలాడుతూ అది చేసిందేమిటి? ముక్కోణపు బాయొనెట్‌ను మొన కిందికి పెట్టి నేలలో గుచ్చితే, తుపాకీ గొట్టానికి తొడిగే గుండ్రటి కాడ పైకి ఉంటుంది. సరిగ్గా కొవ్వొత్తి పట్టేంత. గుడారాల్లో ఆ వెలుతురులో ఉత్తరాలు రాసుకున్నారు. నా దగ్గరున్న ఒకదాని కాడ లోపల నల్లటి పొర ఉంది. అది కొవ్వొత్తి మసో, పాత జిడ్డో నేను తేల్చలేను, తేల్చడానికి గీకను. 1832 నమూనా ఫిరంగి దళం కత్తి సంగతి ఇంకా విచిత్రం. ఫ్రెంచి వాళ్ల 1816 నమూనా చూసి చేశారు. పురాతన రోమన్ సైనికుడి కురచ ఖడ్గంలా ఉంటుంది, ఇత్తడి పిడి మీద చేప పొలుసుల్లా చెక్కడం. శత్రువు గుర్రం మీద దూసుకొస్తే ఫిరంగి దగ్గరి మనిషి దాంతో తనను కాపాడుకోవాలని ఉద్దేశం. వాళ్లు దాంతో పొదలు నరికారు. అంచుల మీద కనిపించే గాట్లలో చాలావరకు కొమ్మలవీ, రాళ్లవీ అయ్యుంటాయి. ‘అంచు సరిచేయించాను’ అని ఒక అమ్మకందారు గొప్పగా చెబితే నాకు కడుపు తరుక్కుపోయింది. సరిచేయించడమంటే ఆ మనిషి రోజులను అరగదీయించడమే.

తోమడం వల్ల ఇంకొక నష్టం ఉంది, ఇది డబ్బు పెట్టి కొనేవాళ్లందరికీ సంబంధించింది. నకిలీలు చేసేవాడికి తోమిన కత్తులు ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిది. అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్య ఖడ్గాలు తక్కువ చేశారు, ధర విపరీతం, కాబట్టి నకిలీలు కొల్లలు. అంతకు ముందే ఫ్రాన్సిస్ బానర్‌మన్ అనే వ్యాపారి ఉండేవాడు. 1898 స్పెయిన్ యుద్ధం తర్వాత మిగులు ఆయుధాలను గుట్టలుగా కొని, దాచడానికి 1900లో హడ్సన్ నదిలో ఒక దీవినే కొన్నాడు. కోటలా గిడ్డంగి కట్టాడు. 1920లో అక్కడి మందుగుండు పేలింది, ఆ శిథిలాలు ఇప్పటికీ రైలు కిటికీలోంచి కనబడతాయి. ఆయన దుకాణం నుంచి ఒక నమూనా పిడికి ఇంకో నమూనా బ్లేడు బిగించిన కత్తులు కూడా జనంలోకి వెళ్లాయి. ఇలాంటి అతుకును పట్టించేది పాటినాయే. నూటయాభై ఏళ్లు కలిసి ఉన్న బ్లేడుకూ గార్డుకూ ఆ కలిసే చోట రంగు ఒకరకంగా ఉంటుంది, సందుల్లో చిలుము ఒకే వయసుది. నిన్న కలిపితే ఆ సందు అబద్ధం చెప్పలేదు. రెంటినీ తోమేస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

మన దేశం పేరు కూడా ఈ లోకంలో వినబడుతుంది, ఒప్పుకోవాలి. అమెరికా అంతర్యుద్ధ నమూనా శేబర్ల నకళ్లు మన దగ్గర, ముఖ్యంగా డెహ్రాడూన్ ప్రాంతంలో, ఏళ్ల తరబడి చేసి ఎగుమతి చేస్తున్నారు. పాత యుద్ధాలను వేషాలు కట్టి ఆడేవాళ్లకోసం, గోడకు అలంకారం కోసం. అందులో తప్పేమీ లేదు, ఆ పనివాళ్లు నకలును నకలుగానే చేసి ‘ఇండియా’ అని ముద్ర వేసి పంపుతున్నారు. ఇక్కడికొచ్చాక ఎవరో ఆ ముద్రను గీకేసి, ఆమ్లం పూసి, పాతది అని అమ్ముతారు. ఒక సంతలో నేనే ఒకటి దాదాపు కొన్నాను. గార్డు కింద బ్లేడు మీద ముద్ర ఉండాల్సిన చోట చిన్న పల్లం తగిలింది, వేలితో తడిమితేనే తెలిసేంత. అక్కడ లోహం తక్కువగా ఉంది. మన దేశం పేరు గీకిన చోటు అది. చెరిపేసిన ముద్ర కూడా తన జాగా వదిలి వెళ్తుందని ఆ రోజు చూశాను.

ఇప్పుడు ఇంకొక ప్రశ్న, ఇది బంధువుల నుంచి ఎక్కువగా వస్తుంది. మనుషుల్ని చంపడానికి చేసిన వాటిని ఇంట్లో ఎందుకు పెట్టుకుంటావు? పరాయి దేశపు సైన్యం కత్తులు నీకెందుకు? మా అమ్మ అడిగింది, ‘వాటి మీద ఎవరి రక్తం ఉందో, ఎవరి ఉసురు ఉందో నాయనా’ అని.

ఉంది. నా దగ్గర క్రాగ్ తుపాకీ బాయొనెట్ ఒకటి ఉంది, 1899 ముద్రది. బ్లేడు 11.5 అంగుళాలు, చేతిలో పట్టుకుంటే వంటింటి కత్తిలా తేలిక. ఆ ఏడాది నుంచి 1902 దాకా అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో, తమ దేశం తమకు కావాలన్న ప్రజల మీద యుద్ధం చేసింది. క్రాగ్ తుపాకీ ఆ యుద్ధంలో వాడిన ఆయుధం. ఈ బాయొనెట్ అక్కడికి వెళ్లిందో లేదో తెలియదు. కానీ ఇంకొకరి పాలన కింద ఇరవయ్యో శతాబ్దంలో సగం గడిపిన దేశం నుంచి వచ్చిన నేను, దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ పిడి వైపు కాకుండా మొన వైపు నిలబడ్డ మనిషిని తలుచుకుంటాను. అలాగే లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర 1876లో అమెరికా అశ్వికదళ అధికారి కస్టర్ మనుషులు లకోటా, షయెన్ ఆదివాసీ యోధుల చేతిలో చనిపోయే దృశ్యాన్ని చిత్రకారులు శేబర్లు దూసి గీశారు. నిజానికి ఆ దళం శేబర్లను పెట్టెల్లో పెట్టి దారిలోనే వదిలి వచ్చింది. మెరిసే కత్తి మొదటి నుంచీ అబద్ధాలు మోస్తూనే ఉంది. గోడ మీద తళతళలాడే కత్తిని పెట్టుకుంటే మిగిలేది వీరత్వం ఒక్కటే. గోధుమ రంగు తిరిగి, అంచు దెబ్బతిని, ఎవరివో తెలియని అక్షరాలతో ఉన్న కత్తిని పెట్టుకుంటే మనం ప్రశ్నలు అడగకుండా ఉండలేం. అమ్మ అడిగిన ప్రశ్న కూడా వాటిలో ఒకటి. నేను ఆ ప్రశ్న దగ్గర ఉండాలనే వాటిని ఉంచుకున్నాను.

ఇంతకీ నేనేం చేస్తానో చెప్పి ముగిస్తాను. కొత్తగా ఏది వచ్చినా మొదట ఫోటోలు తీస్తాను, రెండు వైపులా, వాలు వెలుతురులో, ఒరతో సహా, మరకలతో సహా. చేతులకు నూలు తొడుగులు. చెమటలోని ఉప్పు చాలు, మూడు రోజుల్లో వేలిముద్ర ఉక్కు మీద దిగుతుంది. పొడి తుప్పు ఉంటే పలచటి నూనె చుక్క వేసి, ఒక రోజంతా వదిలేసి, మెత్తటి గుడ్డతో అద్దుతాను. రుద్దను. తర్వాత మ్యూజియంలలో వాడే సన్నటి మైనం పూస్తాను, ఎప్పుడైనా తిరిగి తీసేయగలిగేది. తోలు ఒర ఉన్న కత్తిని ఒరలో పెట్టి దాచను. తోలు తేమను పట్టుకుంటుంది, తోలు చెడిపోకుండా పట్టించిన ఆమ్లాలే ఇనుమును తింటాయి, ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి. రెంటినీ పక్కపక్కన, విడివిడిగా. కాన్వాసు మీద నీటి చుక్క పడనివ్వను. ఇంతకు మించి ఏదైనా అవసరమనిపిస్తే అప్పటికి ఆపేస్తాను, ఏడాది ఆగుతాను. ప్రతిసారీ ఆ ఏడాదిలోనే ఆ అవసరం పోయింది.

కిందటి దసరాకు అన్నిటినీ బల్ల మీద పరిచాను. మధ్యలో నాన్న స్పానర్ ఒకటి, ఆయన పోయాక తెచ్చుకున్నది, పన్నెండో నంబరుది. అది మాత్రం ఆయన పద్ధతిలోనే కిరోసిన్‌తో తుడిచాను, ఆయన ఉంటే ఊరుకోరు. వీడియోలో అమ్మ చూస్తూ, బొట్టు పెట్టరా అంది. స్పానర్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టాను. మిగిలిన వాటికి పెట్టలేదు. పసుపు కుంకుమల తడి ఉక్కు మీద నిలిచిపోతుందని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, అయితే వాటి కింద పరిచిన గుడ్డకు పెట్టు అంది. గుడ్డ నాలుగు మూలలా పెట్టాను. ఖాళీ కాన్వాసు ఒర ముందు, ‘కె’ ఉండాల్సిన చోటికి ఎదురుగా, ఇంకొకటి పెట్టాను.